క్యాథలిక్ కాలేజీలో క్యాంపస్ మినిస్ట్రీ బాధ్యత: మొదటి ఏడాది ఎలా నడపాలి?

పటమట లెక్చరర్:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక క్యాథలిక్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. 2026-27కి క్యాంపస్ మినిస్ట్రీకి, అంటే విద్యార్థుల ఆధ్యాత్మిక అవసరాలు చూసే విభాగానికి, నన్ను కోఆర్డినేటర్‌గా వేశారు. గురువును (ఫాదర్‌ను) కాను, సిస్టర్‌ను కాను, మామూలు విశ్వాసిని. కాలేజీ చాపెల్ చూసే చాప్లిన్ ఫాదర్ గారికి విచారణ (పారిష్ చర్చి) బాధ్యత కూడా ఉండటంతో వారానికి రెండు రోజులే క్యాంపస్‌కి వస్తారు.

ఇంటర్, డిగ్రీ రెండూ ఒకే ఆవరణలో. క్యాథలిక్ పిల్లలు పావు వంతు లోపే. మిగతావాళ్ళలో హిందువులు ఎక్కువ, ముస్లింలు ఉన్నారు, సీఎస్ఐ, లూథరన్, పెంతెకోస్తు పిల్లలూ బాగానే ఉన్నారు. సగం మందికి పైగా బస్సుల్లో వచ్చిపోయేవాళ్ళు. నాలుగుంబావుకి బస్సులు కదిలాయంటే క్యాంపస్ ఖాళీ, హాస్టల్ పిల్లలే మిగులుతారు.

వారం వారం పూజ (మాస్) ఏ టైములో పెడితే నిలబడుతుంది? హాజరు వెయ్యమని కొందరు స్టాఫ్ అంటున్నారు, వెయ్యొచ్చా? పిల్లలు సొంత బాధలు చెప్పుకుంటే నేను ఎంతవరకు వెళ్ళాలి? క్యాలెండర్ ఎలా వేసుకోవాలి? ‘ప్రార్థించండి, అన్నీ సర్దుకుంటాయి’ అనే జవాబులు ఇప్పటికే చాలా అందాయండి. పని వివరాలు కావాలి.

యువజన సేవ, బెజవాడ:

ముందు హాజరు సంగతి తేల్చేద్దాం. వెయ్యొద్దు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో, లేదా ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలో, చదివేవాళ్ళని వాళ్ళ సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు. మైనరైతే ఆ సమ్మతి తల్లిదండ్రులు, సంరక్షకులు ఇవ్వాలి. మీ ఇంటర్ పిల్లలందరూ దాదాపు ఆ లెక్కలోకే వస్తారు. మైనారిటీ సంస్థకి 30వ అధికరణం ఇచ్చిన హక్కు సంస్థను స్థాపించి నడుపుకోవడానికి, పిల్లల్ని పూజలో కూర్చోబెట్టడానికి కాదు. తిరుసభ (క్యాథలిక్ చర్చి) మాట కూడా ఇదే. 1990లో రెండో జాన్‌పాల్ పోపు గారు క్యాథలిక్ విశ్వవిద్యాలయాల మీద ఇచ్చిన శాసనపత్రం అన్యమతాల విద్యార్థుల మనస్సాక్షి స్వేచ్ఛను గౌరవించమంటుంది. క్యాథలిక్ పిల్లలకైనా హాజరు వేస్తే ఏమవుతుందంటే, రిజిస్టర్ ఉన్నన్నాళ్ళు చాపెల్ నిండుతుంది, ఫైనలియర్ అయ్యాక ఆ పిల్లలు ఆదివారం పూజకి కూడా రారు.

ఎథిక్స్ క్లాసు వేరు. అది టైంటేబుల్లో ఉంటుంది, అందరికీ వర్తిస్తుంది, హాజరు వేసుకోవచ్చు. ఆ గంటని జపమాలకి వాడుకోకండి.

ఇక పూజ టైము. మధ్యాహ్న భోజన విరామం 12:40 నుంచి 1:30 వరకు అనుకుంటే, వారానికి ఒక రోజు 12:45కి పూజ పెట్టండి. వారపు రోజుల పూజలో మహిమ గీతం, విశ్వాస ప్రమాణం ఉండవు, సువిశేషానికి ముందు ఒకటే పఠనం. ప్రారంభానికి 3 నిమిషాలు, పఠనం, కీర్తన, సువిశేషం 5, ప్రసంగం 5, విశ్వాసుల ప్రార్థనలు 2, కానుకల నుంచి ప్రభు ప్రార్థన దాకా 9, సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) 5, ముగింపు 1. మొత్తం అరగంట. రెండే పాటలు. ప్రసంగం పది నిమిషాలు దాటిన వారం ఆ పిల్లలు క్లాసుకి లేటవుతారు, మరుసటి వారం సగం మంది రారు. ఫాదర్ గారికి ఈ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పండి.

ఒక చిన్న విషయం చాలామంది మర్చిపోతారు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి మంచినీళ్ళు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. కాబట్టి పూజ ముందు, భోజనం తర్వాత. 11:15 విరామంలో సమోసా తిన్నా ఇబ్బంది లేదు, సత్ప్రసాదం అందేసరికి ఒంటిగంట దాటుతుంది. భోజనం చేసి పూజకి రండి అని నోటీసు పెడితే మాత్రం మీరే వాళ్ళని సత్ప్రసాదానికి దూరం చేసినట్టు.

హాస్టల్ పిల్లలకి ఆదివారం పొద్దున స్టడీ అవర్, బట్టలుతుక్కోవడం, బయటికి వెళ్ళే అవుటింగ్ అన్నీ ఒకేసారి వస్తాయి. శనివారం సాయంత్రం పూజతో ఆదివారం పూజకి వెళ్ళాల్సిన బాధ్యత తీరుతుంది (తిరుసభ చట్టం, కానన్ 1248). సెమిస్టర్ పరీక్షల నెలలో దాన్ని వాడుకోండి, ఏడాది పొడవునా వద్దు. ఆదివారాన్ని విచారణ గుడిలో గడపడం పిల్లలకి అలవాటు కావాలి, మూడేళ్ళ తర్వాత వాళ్ళు వెళ్ళాల్సింది అక్కడికే.

సిస్టర్, గుంటూరు:

ఫాదర్ గారు లేని రోజుల్లో పిల్లలు వచ్చేది మీ దగ్గరికే, కాబట్టి ఆ మూడో ప్రశ్న గురించి రాస్తాను.

గది ముందు చూసుకోండి. తలుపుకి అద్దం ఉండాలి, లేదా తలుపు తెరిచే ఉండాలి. బయటి నుంచి మనుషులు కనబడాలి, మాట వినబడకూడదు. తలుపు దగ్గరి కుర్చీ విద్యార్థిది. సాయంత్రం బస్సులు వెళ్ళాక ఒంటరిగా ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు. వారానికి రెండు రోజులు, రోజుకి గంటన్నర, నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. ఎవరూ రాకపోయినా ఆ టైములో అక్కడే కూర్చోండి. మొదటి నెలన్నర ఎవరూ రారు, వచ్చినా బస్ పాస్ గురించో స్కాలర్‌షిప్ గురించో అడిగి వెళ్తారు. అది వాళ్ళు మిమ్మల్ని అంచనా వేసుకోవడం. మీరు లేని రోజు ఒక్కసారి వచ్చి తిరిగి వెళ్ళారంటే మళ్ళీ రారు.

మాట మొదలయ్యే ముందే ఒక వాక్యం చెప్పండి: ‘నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే, చిన్నపిల్లల మీద లైంగిక వేధింపు ఉంటే, చెప్పాల్సినవాళ్ళకి చెప్తాను.’ పాపసంకీర్తనలో (కన్ఫెషన్‌లో) విన్న రహస్యం గురువుది, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. మీకు ఆ నియమం లేదు. పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, అందుకే ముందే చెప్పడం.

పద్దెనిమిదేళ్ళ లోపు విద్యార్థి మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకి తెలియజేయాలి. ప్రిన్సిపాల్‌కి చెప్పాను కదా అని ఊరుకోవడానికి లేదు, తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత అది. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. డిగ్రీ అమ్మాయి స్టాఫ్ మీదో తోటి విద్యార్థి మీదో వేధింపు ఫిర్యాదు చేస్తే కాలేజీ అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా వెళ్ళాలి. మధ్యలో ‘క్షమించెయ్యమ్మా’ అని రాజీ కుదర్చడం క్యాంపస్ మినిస్ట్రీ పని కాదు. మన సంస్థల్లో జరిగే అతి పెద్ద పొరపాటు అదే.

చావు ఆలోచన ఉందేమో అనిపిస్తే తిన్నగా అడగండి: ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, హాస్టల్ అయితే వార్డెన్‌ని పిలవండి, ఇంటికి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తోడుగా ఎవరినైనా పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు చాపెల్ గుమ్మం దగ్గరే కాదు, హాస్టల్ బాత్రూముల దారిలో కూడా అంటించండి. నలుగురూ చూస్తుండగా ఎవరూ ఆ నంబరు రాసుకోరు.

ప్రార్థన వద్దని కాదు. వైద్యం అవసరమైన మనిషికి ముందు తొమ్మిది రోజుల నొవేనా చెప్పి, ఆ తర్వాత డాక్టరు అనొద్దు. రెండూ ఒకేరోజు మొదలవ్వాలి.

రికార్డులో తేదీ, వరస సంఖ్య, ‘పంపించాను’ లేదా ‘పంపలేదు’, అంతే. పేరు, విషయం ఆ పుస్తకంలో ఉండకూడదు. స్టాఫ్ రూములో టేబుల్ మీద పుస్తకం తెరిచి ఉందంటే, రెండో రోజుకి కాలేజీ అంతా తెలుస్తుంది.

గాయక బృందం, మొగల్రాజపురం:

పాటల గురించి ఎవరూ రాయలేదు. సగం పిల్లలు చాపెల్‌కి వచ్చేది కీబోర్డు కోసమే, అందులో తప్పేం లేదు.

విచారణల్లో పాటలు ఆడవాళ్ళ గొంతుకి తగ్గ శ్రుతిలో నడుస్తాయి. అబ్బాయిలు ఎక్కువుంటే వాళ్ళు ఆ శ్రుతి అందుకోలేక నోరు మూసుకుంటారు. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు, మూడు మెట్లు కిందికి దించండి, అదే గుంపు గట్టిగా పాడుతుంది. ఏడాదికి ఇరవై పాటలు చాలు. వారానికో కొత్త పాట నేర్పితే కచేరీ అవుతుంది, జనం వింటూ కూర్చుంటారు.

తెర మీద సాహిత్యం వేసేటప్పుడు వచ్చే గొడవ అందరికీ తెలిసిందే. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన పాట చాపెల్ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఆ ఫాంటు అందులో ఉండదు మరి. యూనికోడ్‌లో టైపు చేయించండి, లేదా అక్కడే పీడీఎఫ్ చేయించి తెచ్చుకోండి. స్లైడుకి నాలుగు లైన్లు మించొద్దు.

పఠనం చదివేవాళ్ళు ఫోన్లో బైబిల్ యాప్ తెరిచి చదివేస్తుంటారు. ఎక్కువ యాపుల్లో ఉండేది ప్రొటెస్టెంటు తర్జుమా, 66 గ్రంథాలే. మనకి 73. మక్కబీయుల గ్రంథం నుంచి పఠనం వచ్చిన రోజు ఆ పిల్లవాడు మైకు ముందు నిలబడి వెతుక్కుంటాడు. పఠనాల గ్రంథం నుంచి పేజీ ఫోటో తీసి మూడు రోజుల ముందు ఇవ్వండి, పొద్దున ఒకసారి మైకులో చదివించండి. మైకు నోటికి జానెడు దూరం. టైల్స్ వేసిన చాపెల్‌లో మాట మార్మోగుతుంది, సౌండు పెంచితే ఇంకా ముద్దవుతుంది. తగ్గించి, నెమ్మదిగా చదవమనండి.

వాట్సాప్ గ్రూపు పెడితే అమ్మాయిల నంబర్లు అందరికీ కనబడతాయి. ప్రకటనలకి ఛానెల్ పెట్టండి, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు.

ఎన్నెస్సెస్ ఆఫీసర్:

నేను హిందువుని, క్యాథలిక్ కాలేజీలోనే ఉద్యోగం. బయటి నుంచి చూసేవాడి మాటగా తీసుకోండి.

మధ్యాహ్నం పూజ గురించి యువజన సేవ వారితో ఏకీభవించను. ల్యాబ్ ఉన్న బ్యాచ్‌లకి భోజన విరామం నలభై నిమిషాలు కూడా మిగలదు. సైన్సు పిల్లలు ఏడాదంతా తప్పిపోతారు. మధ్యాహ్నం పూజని నెల మొదటి శుక్రవారానికి ఉంచి, మిగతా వారాల్లో హాస్టల్లో సాయంత్రం ఆరున్నరకి పెట్టుకుంటే మేలు.

సేవా కార్యక్రమాల్లో రెండు రిజిస్టర్లు పెట్టండి. ఎన్నెస్సెస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 గంటలు చెయ్యాలి, ఏడు రోజుల క్యాంపు వేరు. చాపెల్ శుభ్రం చేసిన గంటలు, క్యారల్స్ పాడిన గంటలు ఇందులో కలపకూడదు. కలిపారంటే తనిఖీలో మొత్తం లెక్క అనుమానంలో పడుతుంది, అన్యమతాల పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతారు. వృద్ధాశ్రమానికి వెళ్ళినవి, పిల్లలకి ట్యూషన్ చెప్పినవి ఎటైనా రాసుకోవచ్చు, కానీ ఒక్కచోటే.

వృద్ధాశ్రమానికి ఒక బస్సు నిండా తీసుకెళ్ళడం దండగ. పన్నెండు మంది, ఇద్దరు స్టాఫ్, అందులో ఒకరు మహిళ. నెలకోసారి అదే ఆశ్రమానికి, వీలైతే అదే పిల్లలు. పళ్ళ బుట్టతో ఫోటో దిగి వచ్చేయడం కన్నా గోళ్ళు తీయడం, ఫోన్ రీచార్జ్ చేసివ్వడం, మందుల చీటీ చదివి చెప్పడం ఉపయోగం.

ఇంకొకటి. పేటల వారీగా విద్యార్థుల జాబితా, ఇంటి ఫోన్ నంబర్లతో, కాగితం మీద ఉంచుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు నీళ్ళల్లో ఉన్నప్పుడు మొదట కావలసింది ఎవరి ఇల్లు ఎక్కడో తెలియడమే. బియ్యం, దుప్పట్లు చాలామంది ఇస్తారు. తడిసిన సర్టిఫికెట్ల డూప్లికేట్లకి దరఖాస్తులు రాసిపెట్టడం, పోయిన రికార్డు బుక్కులకి ల్యాబ్‌లో గడువు అడగడం కాలేజీవాళ్ళే చేయగల పని.

పటమట లెక్చరర్:

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. లూథరన్ పిల్లలు పూజకి వస్తారు, సత్ప్రసాదం వరసలో కూడా నిలబడతారు. ఎలా చెప్పాలి? అలాగే అన్యమత విద్యార్థి జ్ఞానస్నానం అడిగితే?

యువజన సేవ, బెజవాడ:

మధ్యాహ్నం టైము గురించి ఆఫీసర్ గారి మాట సబబే. ల్యాబ్ బ్యాచ్‌లు ఎక్కువున్న కాలేజీకి ఆయన పద్ధతే మంచిది.

సత్ప్రసాదం సంగతికి వస్తే, వరసలో నిలబడ్డాక ఆపితే ఆ పిల్లకి అవమానం. కానుకల సమయంలోనే ఒక విద్యార్థి చేత చెప్పించండి: ‘సత్ప్రసాదం స్వీకరించేది క్యాథలిక్కులు. మిగతా మిత్రులు ఆశీర్వాదం కోసం చేతులు ఛాతీ మీద అడ్డంగా ఉంచి రావచ్చు, కూర్చుని ప్రార్థించుకోవచ్చు.’ ఆశీర్వాదం ఇచ్చే పద్ధతికి ఫాదర్ గారి ఒప్పుదల ముందే తీసుకోండి. కేరళ పిల్లల్లో సిరో మలబార్, సిరో మలంకర వాళ్ళు క్యాథలిక్కులే, సందేహం వద్దు. ఆర్థొడాక్స్ పిల్లలు అడిగితే నిబంధన వేరు (కానన్ 844), ఫాదర్ గారికి అప్పగించండి. గుంటూరు జిల్లా నుంచి వచ్చే లూథరన్ పిల్లలకి పఠనాలు, పాటలు మన పిల్లల కన్నా బాగా వచ్చి ఉంటాయి. గాయక బృందంలో వాళ్ళకి చోటివ్వండి, పక్కన కూర్చోబెట్టకండి.

జ్ఞానస్నానం క్యాంపస్‌లో ఇవ్వొద్దు. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళ జ్ఞానస్నానం విషయం బిషప్ గారికి తెలపాలని కానన్ 863 అంటుంది. ఆ విద్యార్థిని సొంతూరి విచారణ గురువుకి పరిచయం చెయ్యండి, జ్ఞానోపదేశం అక్కడ, తొందర లేకుండా. పద్దెనిమిది నిండనివాళ్ళయితే తల్లిదండ్రులకి తెలియకుండా ఒక్క అడుగూ వెయ్యొద్దు. లూథరన్, సీఎస్ఐ పిల్లలు క్యాథలిక్ అవుతామంటే త్రిత్వ నామంలో నీళ్ళతో పొందిన జ్ఞానస్నానం చెల్లుతుంది, మళ్ళీ ఇవ్వరు.

ఒక కఠినమైన విషయం కూడా ఆ విద్యార్థికి తెలిసి ఉండాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, ఆ రిజర్వేషన్ ఒక శాతం. స్కాలర్‌షిప్ నుంచి ఉద్యోగం దాకా దీని ప్రభావం ఉంటుంది. ఎటు వెళ్ళాలో మీరు చెప్పొద్దు, తెలియకుండా వెళ్ళనివ్వొద్దు.

సిస్టర్, గుంటూరు:

క్యాలెండర్ ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. 2026-27లో చూసుకోవాల్సినవి ఇవి. ఆగస్టు 15 శనివారం, మరియమాత మోక్షారోపణ పండుగ, జెండా వందనం ఒకేరోజు. పూజ 7 గంటలకి, జెండా 8:30కి పెడితే రెండూ నడుస్తాయి. జూలైలో విద్యార్థి బృందాన్ని ఎంచుకోండి: పదిహేను మంది, అందులో ఫస్టియర్ వాళ్ళు కనీసం ఐదుగురు. అందరూ ఫైనలియర్ అయితే మరుసటి జూన్‌కి మీ దగ్గర ఎవరూ ఉండరు. కాలేజీలో ఐకఫ్ (క్యాథలిక్ కాలేజీ విద్యార్థుల అఖిల భారత సమాఖ్య) శాఖ ఉంటే అదే ఆ బృందం కావచ్చు, 1924లో మద్రాసులో పుట్టిన సమాఖ్య, శిక్షణ శిబిరాలు వాళ్ళే పెడతారు. అక్టోబరులో దసరా సెలవులు, ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షలు, పెద్ద కార్యక్రమాలు వద్దు. నవంబరు 29న ఆగమనకాలం (క్రిస్మస్‌కి సిద్ధపడే వారాలు) మొదలు. సెమీ క్రిస్మస్ సంగతి కాలేజీ మొత్తం చూసుకుంటుంది, మీరు పాపసంకీర్తన చూసుకోండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలంటే ఒక గురువు గంటకి పన్నెండు మందిని వింటారు. తొంభై మంది అనుకుంటే నలుగురు గురువులు, రెండు గంటలు. నెల ముందు అడగకపోతే డిసెంబరులో గురువులు దొరకరు. ప్రతి కుర్చీ దగ్గర తెలుగు, ఇంగ్లీషు, మలయాళం అని చీటీ పెట్టండి.

రెండో సెమిస్టరే చిక్కు. గుణదల మాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11. 2027లో విభూతి బుధవారం (ఈస్టర్‌కి ముందు తపస్సు కాలం మొదలయ్యే రోజు, నుదుట విభూతి పెడతారు) సరిగ్గా ఫిబ్రవరి 10. రంజాన్ ఉపవాసాలు కూడా, నెలవంకను బట్టి, ఆ వారంలోనే మొదలవుతాయి. ఆ మూడు రోజులు గుణదల వైపు ట్రాఫిక్ మళ్ళిస్తారు, బస్సులు లేటు, గురువులందరూ కొండ దగ్గరే ఉంటారు. కాబట్టి రిట్రీట్ (ప్రార్థన, ధ్యానాల శిబిరం) సంక్రాంతి సెలవులయ్యాక జనవరిలోనే ముగించండి. పిల్లల్ని కొండకి తీసుకెళ్ళాలంటే జనవరిలో ఒక శనివారం పొద్దున తీసుకెళ్ళండి, మెట్ల మీద ఆగి ప్రార్థించుకునే వీలుంటుంది. ఈస్టర్ మార్చి 28.

విభూతి బుధవారానికి ఫాదర్ గారిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. గురువు దొరక్కపోతే పూజ లేకుండా వాక్య పరిచర్యతో విభూతి ఇవ్వొచ్చు, ముందే ఆశీర్వదించిన విభూతి తెచ్చుకోవాలి. విభూతి ఎవరైనా తీసుకోవచ్చు, క్యాథలిక్కే కానక్కర్లేదు. హాస్టల్ మెస్‌కి వారం ముందే చెప్పాలి, చాలా చోట్ల బుధవారం కోడికూర రోజు. మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళకి, ఉపవాసం పద్దెనిమిది నుంచి. అంటే మీ ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి ఉపవాస నియమం లేదు, వాళ్ళకి టిఫిన్ ఆపించకండి. గుడ్డు పెట్టొచ్చు.

గాయక బృందం, మొగల్రాజపురం:

విభూతి క్యాంపస్‌లోనే చేసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) నాటి మట్టలు బాగా ఎండబెట్టి, ఇనప బాండీలో పూర్తిగా నల్లబడేదాకా కాల్చి, చల్లారాక నూరి, టీ వడపోసే జల్లెడలో రెండుసార్లు జల్లించండి. రెండు మూడొందల మందికి చిన్న గిన్నెడు చాలు. నుదుట అంటుకోవట్లేదని నీళ్ళు కలుపుతారు కొందరు. అది చెయ్యొద్దు. బూడిదలో క్షారం ఉంటుంది, తడిస్తే చర్మం మండి ఎర్రగా బొబ్బలెక్కుతుంది. పొడిగానే పెట్టండి, మరీ రాలిపోతుంటే రెండు చుక్కల కొబ్బరినూనె. ఇచ్చే ఫాదర్ గారి వేలికి నిమ్మచెక్క, పక్కన తడిగుడ్డ.